ఎక్కడికని అడగని ఇల్లు

మా ఆయన తన తెడ్డును గురయ్యకి ఇచ్చేసిన రోజే నాకు అర్థం కావలసింది. కాలేదు.

అరవై ఏడో సంవత్సరం, కార్తీకమాసం. నేను చేపలు అమ్ముకుని వచ్చి, ఖాళీ గంప దించి కాళ్ళు కడుక్కుంటున్నాను. మా ఆయనతో జోడీగా తెప్ప మీద వేటకి వెళ్ళే గురయ్య మా గుమ్మంలోంచి తెడ్డు భుజాన పెట్టుకుని బయటికి వస్తున్నాడు. అది మా మామగారు చేయించిన తెడ్డు. ఇంకెవరైనా ముట్టుకుంటే మా ఆయన ఊరుకునేవాడు కాదు.

"ఏటి గురయ్యా, తెడ్డట్టుకెల్తన్నావు?" అన్నాను.

"అన్నే ఉంచుకోమన్నాడు ఒదినా. తనకింక పని నేదన్నాడు."

పోనీలే, ఇంకో నాలుగు రోజులు వేటకి వెళ్ళకుండా ఒంటికి విశ్రాంతి ఇస్తాడు కాబోలు అనుకున్నాను. పొయ్యి రాజేసి గంజి పెట్టాను. ఎనిమిదో తరగతి దాకా చదివిన నా తెలివి అంతవరకే పనిచేసింది.

నా పేరు పైడమ్మ. శ్రీకాకుళానికి బస్సు మీద గంట దూరంలో, సముద్రపొడ్డున ఉంటుంది మా పేట. అక్కడ ఉత్తరాలు రాసేదీ చదివేదీ నేనే. ఇదీ నేనే రాస్తున్నాను. మా ఆయన అప్పన్న నా మేనత్త కొడుకు. పెళ్ళికి ముందూ తరువాతా నాకు బావే. ఆయన్ని అడిగే ఇది రాస్తున్నాను. "రాయి. కానీ నన్ను మంచోడిలాగ మాత్రం రాయొద్దు" అన్నాడు.

తెడ్డు ఇచ్చేయడానికి రెండు నెలల ముందు వాళ్ళ తెప్ప ఒడ్డు దగ్గరి కెరటాల్లో తిరగబడింది. బావ, గురయ్య ఈదుకుని వచ్చారు. బావ తమ్ముడు లచ్చన్న రాలేదు. మూడో రోజున దొరికాడు. పంతొమ్మిదేళ్ళ పిల్లాడు. వాణ్ణి నేను కాపురానికి వచ్చినప్పటి నుంచీ నా బిడ్డతో సమానంగా చూసుకున్నాను. వాడి చొక్కా ఇప్పటికీ మా దండెం మీదే ఉంది, తీయడానికి ఎవరికీ చేతులు రాలేదు.

బావ కర్మకాండ అంతా నిలబడి జరిపించాడు. ఏడవలేదు. అందరూ గుండె గట్టివాడన్నారు. ఆ తరువాత కొన్నాళ్ళకి కడుపులో మంట అన్నాడు. అన్నం ముందు కూర్చుని రెండు ముద్దలు కలిపి లేచిపోయేవాడు. తెల్లవారుజామున అందరికంటే ముందు లేచి గోడకి ఆనుకుని కూర్చునేవాడు. నాలుగేళ్ళ మా కూతురు, మా గుంట, ఒళ్ళోకి ఎక్కితే దాని తల నిమిరేవాడు గానీ మాట ఉండేది కాదు. పక్క ఊళ్ళో ప్రాక్టీసు పెట్టుకున్న డాక్టరు బి కాంప్లెక్స్ ఇంజెక్షన్లు చేశాడు, నీరసం అన్నాడు. శ్రీకాకుళంలో రక్తం, మూత్రం, ఛాతీ ఎక్స్‌రే తీయించాం. "అన్నీ నార్మల్. మీ ఆయనకి జబ్బేమీ లేదమ్మా" అన్నారు. సంతోషించాలో ఏడవాలో తెలియలేదు. జబ్బు లేని మనిషి ఎముకల గూడయిపోతున్నాడు.

ఒక సాయంత్రం దీపం పెట్టే వేళ, ఎవరూ అడగకుండానే అన్నాడు, "నేనెందుకు బతికొచ్చినానో."

మా అత్త చటుక్కున చెవులు మూసుకుంది. "ఓలమ్మో! దీపాలేళ ఆ మాటలేటిరా? తతాస్తు దేవతలు తిరుగుతుంటారు. నోరు ముయ్యి!" అని తన చెంపలు తనే వాయించుకుంది. బావ నోరు మూశాడు. మళ్ళీ ఆ ఊసు ఎత్తలేదు. నేను కూడా హమ్మయ్య అనుకున్నాను. ఆ మాట ఆగిపోతే ఆలోచన కూడా ఆగిపోతుందని మా లెక్క.

ఇక్కడ మా పేట అలవాటు ఒకటి చెప్పాలి. బయలుదేరే మనిషిని ఎక్కడికని అడగరు. చాలా ఇళ్ళల్లో ఉన్నదే ఇది. కానీ సముద్రం మీద బతికేవాళ్ళకి మరీ గట్టి పట్టింపు. అడిగితే వెళ్ళిన పని కాదు, ఒక్కోసారి మనిషే తిరిగి రాడు అంటారు. మా అమ్మ అడగలేదు, మా అత్త అడగలేదు, నేను కూడా పుట్టి బుద్ధెరిగిన దగ్గర నుంచి ఏ మగవాణ్ణీ గుమ్మం దాటేటప్పుడు అడగలేదు. నీళ్ళ బుర్ర చేతికిచ్చి పక్కకి తప్పుకోవడమే.

తెడ్డు ఇచ్చేసిన మర్నాడు తెల్లవారుతుండగా బావ లేచాడు. నేను గుమ్మంలో గంప సర్దుకుంటున్నాను. నన్ను దాటుకుని వెళ్ళాడు. సముద్రం వైపు వెళ్ళలేదు, ఉప్పుటేరు వైపు తిరిగాడు. చేతిలో వల లేదు, భుజాన తెడ్డు లేదు. చూశాను. ఎక్కడికి బావా అని గొంతు దాకా వచ్చింది. మింగేశాను. పక్కకి తప్పుకున్నాను.

ఆయన ఏం చేసుకున్నాడో ఇక్కడ రాయను. చదివేవాళ్ళకి అది అక్కర్లేదు. ఉప్పు మడుల్లో పనికి వెళ్ళేవాళ్ళు చూసి కేకలు వేశారు. ప్రాణం ఉంది. బండి మీద రోడ్డు దాకా, అక్కడి నుంచి బస్సులో శ్రీకాకుళం. బస్సులో ఆయన తల నా ఒళ్ళో పెట్టుకుని లెక్కలేనన్ని సార్లు ఒకటే అనుకున్నాను: చూశాను, అడగలేదు.

ఆసుపత్రి మెట్ల దగ్గర అత్త నా చెయ్యి పట్టుకుంది. "పొరపాటున జరిగిందని సెప్పు. నిజం సెప్తే పోలీసు కేసు. ఆడు బతికినా జైలుకి పంపుతారు. ఇంటి గుట్టు లంకకి చేటు." చచ్చిపోవాలని చూడటం కూడా నేరమేనని మాకు తెలుసు. అందుకని డాక్టరు అడిగితే పొరపాటు అన్నాను. బావ ఒంటికి ఏం చేయాలో అంతా చేశారు. నాలుగో రోజుకి బావ లేచి కూర్చున్నాడు. "గండం గడిచింది. పది రోజుల తరువాత ఒకసారి తీసుకురండి" అని పంపేశారు. అబద్ధానికి వైద్యం ఎక్కడైనా ఉంటుందా? మేం చెప్పని జబ్బుకి డాక్టరు మందు ఎలా ఇస్తారు?

ఇంటికొచ్చాక ఆ పది రోజులూ మా బతుకు బతుకు కాదు. ఒక్క క్షణం ఆయన్ని ఒంటరిగా వదల్లేదు. అత్త కాకపోతే నేను, నేను కాకపోతే గురయ్య. అందరం చుట్టూ ఉన్నాం. చేపల ధర, గాలివాటం, గుంట జలుబు అన్నీ మాట్లాడాం. ఆ ఒక్కటీ తప్ప. ఆయన మా మధ్యన కూర్చుని మా మొహాలు చూసేవాడు. అడగందే అమ్మయినా అన్నం పెట్టదు అని రోజుకి పదిసార్లు అంటాం గదా, ఆ సామెత మా ఇంట్లో అన్నానికి తప్ప మరి దేనికీ పనికిరాలేదు.

పదకొండో రోజు ఆసుపత్రిలో వేరే డాక్టరు ఉన్నారు. కొత్తగా వచ్చిన కుర్ర డాక్టరు, కృష్ణా జిల్లా వైపు మాట. నాడి చూశారు, కళ్ళు చూశారు. తరువాత కుర్చీ బావకి దగ్గరగా లాక్కుని కూర్చున్నారు. అత్తని వరండాలో కూర్చోమన్నారు. నన్ను ఉండమన్నారు.

"అప్పన్నా, ఒకటి అడుగుతాను. కేసు కోసం కాదు, మందు కోసం. చచ్చిపోవాలని అనిపిస్తోందా?"

నా ఒళ్ళు మండిపోయింది. "అదేటి మాట బాబూ! మరిసిపోతన్నోడికి గుర్తు సేస్తారేటి?" అని గట్టిగానే అరిచాను. ఆయన నా వైపు చూడలేదు. బావ వైపే చూస్తూ కూర్చున్నారు. తొందర పెట్టలేదు.

"అనిపిస్తాది బాబూ" అన్నాడు బావ. "రోజూ."

"ఎప్పుడు?"

"తెల్లారగట్ల మెలకువొస్తాది. సెవుల్లో ఆడి కేక ఇనిపిస్తాది. ఆ యేళ తెప్ప మీదకి రానన్నాడు బాబూ ఆడు. జరంగా ఉన్నాది, ఇయాల ఒగ్గేయన్నా అన్నాడు. నేనే తిట్టి లాక్కెల్లినాను."

ఆ సంగతి నాకు తెలియదు. రెండున్నర నెలలు పక్కపక్కన పడుకున్నాం, నాకు తెలియదు. బావ తల వంచుకుని ఏడవడం మొదలుపెట్టాడు. లచ్చన్న పోయిన తరువాత ఆయన ఏడవడం అదే మొదటిసారి. నేను వెళ్ళి ఆయన భుజం పట్టుకున్నాను. నాకూ ఆగలేదు. డాక్టరు మమ్మల్ని ఏడవనిచ్చారు.

తరువాత ఒక్కొక్కటే అడిగారు. ఆ ఆలోచన ఎంతసేపు ఉంటుంది? మళ్ళీ చేయాలని ఏదైనా అనుకున్నావా? అందుకు కావలసింది ఇంట్లో ఉందా? బావ ఉందన్నాడు. చూరులో ఎక్కడ దాచాడో కూడా చెప్పాడు. మేం ముగ్గురం కాపలా కాస్తున్న ఇంట్లోనే ఉంది అది. "ఇవాళే తీసేసి బయట పారేయించండి. గురయ్యని చేయమనండి, నువ్వు వద్దు" అన్నారు నాతో. చివరికి ఇంకొకటి అడిగారు. "మరి ఈ పది రోజులూ ఎందుకు ఆగావు?"

బావ కండువాతో కళ్ళు తుడుచుకున్నాడు. "గుంట పొద్దున్నే లెగిసి నా కోసమే ఎతుకుతాది బాబూ."

"మంచిది. దాన్ని పట్టుకుందాం. ఇది డిప్రెషన్ అనే జబ్బు. నువ్వు పిరికివాడివీ కాదు, నీకు గాలీ సోకలేదు. మాత్రలు ఇస్తాను, పనిచేయడానికి మూడు వారాలు పడుతుంది. ఆ మూడు వారాలు దాటడానికి ఒక పద్ధతి కావాలి" అని చీటీ తీసి రాయబోయారు.

"నాకు సదువు రాదు బాబూ" అన్నాడు బావ.

డాక్టరు కలం ఆపారు. "సముద్రంలో లోతు ఎలా గుర్తుపెట్టుకుంటారు?"

"తాడుకి ముళ్ళేస్తాం."

"అయితే ముళ్ళే వెయ్యి."

వల బాగుచేసే నూలుతాడు మా మగవాళ్ళ నడుముకి ఎప్పుడూ ఉంటుంది. బావ దాన్ని విప్పి చేతిలోకి తీసుకున్నాడు. నెలల తరబడి వల ముట్టని వేళ్ళు. మొదట తడబడ్డాయి, తరువాత వాటికే పని గుర్తుకొచ్చింది. మొదటి ముడి: ఆ ఆలోచన రాగానే గోడ దగ్గర కూర్చోకుండా లేచి బయటికి రావాలి, మొహం కడుక్కుని వల ముందేసుకోవాలి. రెండో ముడి: అది తగ్గకపోతే గురయ్య ఇంటికి వెళ్ళాలి. ఏమీ చెప్పక్కర్లేదు, చుట్ట కాల్చుకుంటూ కూర్చుంటే చాలు. మూడో ముడి: నాకు ఉన్నదున్నట్టు చెప్పాలి. నాలుగోది పెద్ద ముడి: ఆసుపత్రికి రావాలి. పగలైనా రాత్రైనా సరే, తన పేరు చెప్పమన్నారు. ప్రతి ముడికీ "ఇది నీవల్ల అవుతుందా?" అని అడిగి, బావ అవుతుందంటేనే వేయించారు. రెండోది బావ ఒప్పుకోలేదు మొదట, గురయ్య నవ్వుతాడన్నాడు. "నవ్వితే నాకు చెప్పు" అన్నారు డాక్టరు. అంతా కలిపి అరగంట పట్టి ఉంటుంది.

తరువాత నా వైపు తిరిగారు. "అమ్మా, నువ్వు రోజూ అడగాలి. గుమ్మం దాటితే ఎక్కడికని అడగాలి. ఇవాళ ఆ ఆలోచన వచ్చిందా అని ఆ మాటతోనే అడగాలి."

"మా ఇళ్ళల్లో బయలెల్లే మనిషిని ఎక్కడికని అడగరు బాబూ."

"అడగకపోతే ఏమైందో చూశావు కదా."

ఆ మాటకి ఆయన మీద నాకు ఇప్పటికీ కొంచెం కోపం ఉంది. అయినా ఇంటికొచ్చే దారంతా బస్సు కిటికీ పక్కన కూర్చుని దాన్నే లోపల అనుకుంటూ వచ్చాను. ఎక్కడికి బావా? ఎక్కడికి బావా? కొత్త భాష నేర్చుకుంటున్నట్టు ఉంది.

మర్నాడు తెల్లవారగానే అడిగాను. అత్త పొయ్యి దగ్గర నుంచి పరుగెత్తుకొచ్చి నా నోరు మూసింది. "ఒసే, ఒక కొడుకు పోనాడు సాలదేటే? రెండోవోడిని కూడా పంపేస్తావేటి?" అంది. నన్ను తిట్టింది, శాపనార్థాలు పెట్టింది, మూడు రోజులు నా చేతి కూడు తినలేదు. నేను మానలేదు. మొండిదాన్ని కదా, ఆ ఒక్క గుణం అప్పుడు పనికొచ్చింది. బావ కొన్ని రోజులు సమాధానం చెప్పేవాడు, కొన్ని రోజులు తాడు పైకెత్తి ముడి చూపించేవాడు. మొదటి ముడి చాలాసార్లు చూపించాడు. ఒక రోజు మూడోది.

పుష్యమాసం చివర గోరుచుట్టు మీద రోకటిపోటయింది. మాత్రలు పడుతున్నా తిండి పూర్తిగా మానేశాడు. మంచం దిగలేదు. తాడు నా చేతిలో పెట్టాడు. నాలుగో ముడి పైన ఉంది. అదే బస్సులో మళ్ళీ వెళ్ళాం. డాక్టరు చూసి విశాఖపట్నం పెద్దాసుపత్రికి రాసిచ్చారు. అక్కడ ఆరుసార్లు తలకి కరెంటు ట్రీట్‌మెంటు ఇచ్చారు. నేను వార్డు బయట నేల మీద కూర్చుని ప్రతిసారీ తలుపు వైపే చూస్తూ ఉన్నాను. నాలుగోది అయ్యాక తిండి అడిగాడు. నాకు ప్రాణం లేచి వచ్చింది. ఇడ్లీ తినిపిస్తుంటే అటూ ఇటూ చూసి అన్నాడు.

"లచ్చన్నేడీ? నన్ను సూడ్డానికి రానేదేటి?"

ఇడ్లీ పళ్ళెం కింద పెట్టాను. ఆ కరెంటుకి కొన్ని నెలల సంగతులు మసకబారతాయని ముందే చెప్పారు. ఇదే మసకబారుతుందని నేను అనుకోలేదు. వార్డు డాక్టరుని అడిగాను. ఆయన పాపం తల పట్టుకున్నారు. "నిజమే చెప్పమ్మా. చెప్పి పక్కనే ఉండు" అన్నారు.

చెప్పాను. బావా, లచ్చన్న పోనాడు, తెప్ప తిరగబడింది. అప్పుడే జరిగినట్టు ఏడ్చాడు. మర్నాడు మళ్ళీ అడిగాడు. మళ్ళీ చెప్పాను. వాడు నాకు మూడుసార్లు చచ్చిపోయాడు ఆ వార్డులో. మూడోసారి నేను నోరు తెరవకముందే, "సెప్పినావులే నిన్న" అని గోడ వైపు తిరిగాడు. అంత దుఃఖం నా జన్మలో నేను మళ్ళీ చూడలేదు.

ఫాల్గుణంలో ఇంటికొచ్చాం. నెలనెలా శ్రీకాకుళం వెళ్ళి చూపించుకున్నాం. ఏడాది తరువాత డాక్టరు చెప్పాక మాత్రలు ఆపాం. ఆ డాక్టరుకి బదిలీ అయింది. ఆయన దగ్గర నుంచి రెండు నెలలకోసారి కార్డు వస్తుంది, "అప్పన్నా, ఏ ముడి మీద ఉన్నావు?" అని ఒకే వాక్యం. పోస్టుమేను అది పేటంతా చదివి వినిపించాకే మాకిస్తాడు. జవాబు బావ చెబుతాడు, నేను రాస్తాను.

బావ తెప్ప ఎక్కడం లేదు. ఎక్కలేనన్నాడు. ఒడ్డు మీద నిలబడి పదిమందితో కలిసి పెద్దవల లాగుతాడు. లచ్చన్న మాట వస్తే ఇప్పుడు మాట్లాడుకుంటాం, వాడి చొక్కా ముట్టుకుంటాం. జరంతో ఉన్నవాణ్ణి లాక్కెళ్ళిన సంగతి బావని వదల్లేదు. వదలదు కూడా. తెల్లవారుజామున లేచి వల ముందేసుకుని కూర్చున్న రోజులు ఇంకా ఉన్నాయి. మొదటి తాడు పీచులు లేచిపోతే కిందటేడు కొత్తది కట్టుకున్నాడు.

పోయిన నెల పక్క పేట నుంచి నూకమ్మ అని ఒకామె వచ్చింది. ఖరగ్‌పూర్‌లో రైల్వేలో పనిచేస్తున్న తమ్ముడికి ఉత్తరం రాయించుకోవాలట. కార్డు ముందు పెట్టుకుని ఏం రాయమంటావన్నాను.

"మా ఇంటాయన పోనాడని రాయి అప్పా. జబ్బుతో అని రాయి." నేను రాయబోతుంటే కార్డు మీద చెయ్యి అడ్డం పెట్టింది. "జబ్బు కాదు. పొద్దున్నే లెగిసి ఎల్లిపోనాడు. నేను తుడుస్తన్నాను వాకిలి. సూసినాను. అడగనేదు."

కలం కింద పెట్టేశాను. నువ్వు అడిగినా ఆగేవాడు కాదేమో అని ఏదో సర్దిచెప్పబోయాను. నాకే నమ్మకం లేని మాట నోరు దాటి రాలేదు. ఇద్దరం ఆ చాప మీద కూర్చుని ఏడ్చాం. ఉత్తరంలో ఆమె చెప్పినట్టు జబ్బుతో అనే రాశాను. రాస్తూ, అది అబద్ధం కాదు కదా అనుకున్నాను. మూలన మంచం మీద అత్త అటు తిరిగి పడుకుని ఉంది. నిద్రపోతోందనుకున్నాను.

మర్నాడు తెల్లవారుతోంది. బావ తాడు నడుముకి చుట్టుకుని గుమ్మం వైపు నడిచాడు. నేను గంప దింపి నోరు తెరవబోయాను. అంతలో మంచం మీద నుంచి గొంతు వినిపించింది. రెండేళ్ళు ఆ మాటకి నన్ను తిట్టిన గొంతు.

"ఒరే అప్పన్నా, ఎక్కడికెల్తన్నావురా?"

బావ గడప మీద ఆగిపోయాడు. వెనక్కి వచ్చి వాళ్ళమ్మ కాళ్ళ దగ్గర కూర్చున్నాడు. "పెద్దవలకే అమ్మా. మజ్జానానికి వచ్చేస్తాను." ఆమె ఆయన మొహం తడుముతూ, "ఆ యేళ లచ్చన్నని నేను అడగనేదురా" అంది. "అడిగితే జరమొచ్చిందని సెప్పేవోడు."

ఇది చదివేవాళ్ళకి నేను చెప్పగలిగింది ఒక్కటే. మీ ఇంట్లో మనిషి తిండి మానేసి, నిద్ర మానేసి, తన వస్తువులు పంచిపెడుతుంటే దగ్గర కూర్చుని అడగండి, చచ్చిపోవాలని అనిపిస్తోందా అని, సరిగ్గా ఆ మాటతోనే. అవునంటే ఆ మాటనే డాక్టరుకి చెప్పండి, పొరపాటని చెప్పకండి. తథాస్తు దేవతల సంగతి నాకు తెలియదు. మా ఇంట్లో రెండేళ్ళుగా రోజూ అడుగుతున్నాం, మనిషి మధ్యాహ్నానికి ఇంటికొస్తున్నాడు.